పదివేలో చేప

నదిలోకి చేపలు తిరిగి వచ్చేశాయని మంత్రిగారు ప్రకటించిన రోజున ఆ సంగతి చేపలకింకా తెలియదు.

అది చేపల తప్పే. ప్రకటన అన్ని పేపర్లలోనూ మొదటి పేజీలోనే వచ్చింది. ఆనకట్ట పక్క పార్కులో, కొత్త ఫౌంటెన్ ముందు నిలబడి, మంత్రిగారు మైకులో అన్న మాటలు మీరూ చదివే ఉంటారు.

“గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదిలోకి ఎదురీదే చేపల కోసం మూడేళ్ళ క్రితం నేను వేట నిషేధించాను. నలభై కుటుంబాలు నలభై పడవలు ప్రభుత్వానికి అప్పగించాయి. నా త్యాగం వృథా పోలేదు! ఇంకో నెలలో పదివేల చేపలు ఈ ఆనకట్ట దాటబోతున్నాయి. పదివేలోది దాటిన మరుక్షణం నిషేధం ఎత్తేస్తాను. పడవలకి దండలు వేసి వాపసు ఇస్తాను. దాటకపోతే మాత్రం నిషేధం ఇంకో అయిదేళ్ళు!”

ఆయన వెనక ఫ్లెక్సీ మీద ఒక గ్రాఫ్ ఉంది. మొదటి ఏడాది పదకొండు చేపలు. రెండో ఏడు తొమ్మిది. మూడో ఏడు పదివేలు. గీత రెండేళ్ళు నేల మీద పాకి, మూడో ఏడు ఒక్కసారిగా లేచి మంత్రిగారి ఫొటోలో చెవి దాకా వెళ్ళింది. గీసినవారు చేపల పునరుద్ధరణ పర్యవేక్షణ డైరెక్టర్‌గారు. మూడో ఏడు లెక్క ఇంకా మొదలే కాలేదు కదా, గీత ఎలా గీశారని ఒక విలేకరి అడిగాడు.

“మాది ముందుచూపున్న డిపార్ట్‌మెంట్,” అన్నారు డైరెక్టర్‌గారు.

నేను ఆ ఆనకట్ట మీద గేట్ ఆపరేటర్ని. పన్నెండేళ్ళ సర్వీసు, ఒక్క మెమో లేదు. రాతపూర్వకమైన ఆర్డరు లేకుండా నేను ఏ గేటూ తెరవను. అందుకే నన్ను అందరూ మంచివాడంటారు.

ఆనకట్ట పక్కగా చేపల కోసం సిమెంటు తొట్లు వరసగా, మెట్లలా కట్టారు. కింద తొట్టిలోంచి పై తొట్టిలోకి ఎగురుతూ చేప పైకి చేరాలి. మధ్యలో ఒకచోట గోడకి మందపాటి గాజు కిటికీ బిగించి, ఇవతల ఒక చిన్న గది వేశారు. ఆ గదిలో కూచుని, దాటిన చేపనల్లా లెక్కపెట్టాలి. అందుకు పిడికిట్లో పట్టే మీటరొకటి ఉంది. బొటనవేలితో నొక్కితే టిక్కుమని అంకె ఒకటి పెరుగుతుంది.

ఆ నొక్కే ఉద్యోగం మా బావకిచ్చారు. చేపని చూసి ఇది చేపే అని నమ్మకంగా చెప్పగలవాళ్ళు డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ లేకపోవడమే దానికి కారణం. బావ పుట్టుక నుంచీ జాలరి. ఆ నలభై పడవల్లో ఒకటి ఆయనది. మూడేళ్ళుగా డిపార్ట్‌మెంట్ యార్డులో ఎండలో పడి ఉంది. చెక్క పడవ నీళ్ళు చూడకపోతే బీటలు వారి కట్టెల కింద లెక్క. అందుకని మా అక్క రోజూ వెళ్ళి దానికి రెండు బిందెల నీళ్ళు పోసి వచ్చేది. యార్డు గేటు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఆ రిజిస్టరు ఏదో ఆస్పత్రిలో మిగిలిపోతే ఇక్కడికి పంపారట. అందులో ‘రోగితో బంధుత్వం’ అని ఒక గడి ఉంది. అక్క ఆ గడిలో ‘కోడలు’ అని రాసేది. పడవ మామగారి నాటిది మరి.

“మూడేళ్ళంటే ఎలాగో బతికించాను,” అంది అక్క, మంత్రిగారి ప్రకటన విన్న సాయంత్రం. “ఇంకో అయిదేళ్ళంటే నా వల్ల కాదు. పదివేలు వస్తాయంటావా?”

“వస్తాయనే ఫ్లెక్సీ మీద ఉంది,” అన్నాడు బావ.

మొదటి నాలుగు రోజులూ కిటికీ ముందు ఒక ఆకు, ఒక మంచినీళ్ళ సీసా, ఎడమకాలి చెప్పు దాటాయి. అయిదో రోజు పొద్దున తొమ్మిదింటికి బావ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కిటికీలోకి చేప వచ్చింది. మూరెడు పొడుగు, వెండి పళ్ళెంలా మెరిసే ఒళ్ళు, నిండు కడుపు. ఇంటికి వచ్చిన పెద్ద ముత్తైదువుని చూసినట్టు చూశాడు బావ. టిక్కుమని ఒకటి నొక్కాడు.

చేప పైకి వెళ్ళింది. పై గేటు మూసి ఉంది. ఆ గేటు తెరిస్తే పార్కులో ఫౌంటెన్‌కి నీటి ఒత్తిడి తగ్గుతుందని దాన్ని మూసి ఉంచాలని నాకు రాతపూర్వకమైన ఆర్డరు ఉంది. గేటు మీంచి పొర్లే నీళ్ళే మెట్ల మీద పారేవి. చేప గేటుకి తల కొట్టుకుని, పక్క కాలవలోంచి జారి, అడుగు తొట్టి దగ్గర తేలి, మళ్ళీ మెట్లెక్కింది. ఒక చుట్టుకి సరిగ్గా నాలుగు నిమిషాలు.

పది గంటలకి డైరెక్టర్‌గారు వచ్చారు. “ఎన్ని?”

“ఒకటి సార్.”

“ఒకటేంటయ్యా? నేను మెట్లు దిగేలోపే రెండు దాటాయి.”

“రెండు కాదు సార్. అదే రెండుసార్లు వచ్చింది. పై గేటు మూసుంది కదా, కిందికి జారి మళ్ళీ వస్తోంది.”

“అదేనని నీకెలా తెలుసు?”

“తోక మీద ఎడమపక్క గాటుంది సార్. ఎప్పుడో వల తెంపుకుని పోయినట్టుంది.”

డైరెక్టర్‌గారు కిటికీకి ముక్కు ఆనించి నిలబడ్డారు. చేప వచ్చింది. తోక మీద గాటు. నాలుగు నిమిషాలకి మళ్ళీ వచ్చింది. గాటు. ఇంకో నాలుగు నిమిషాలకి ఇంకోసారి.

“అన్నిటికీ గాటుంది,” అన్నారాయన, నోట్‌బుక్ తీస్తూ.

నేను పక్కనే ఉన్నాను. పరిశోధన అనేది కళ్ళముందు జరగడం నా జన్మలో అదే మొదటిసారి.

“అలాగే లెక్కపెట్టమంటారా సార్?” అన్నాడు బావ. “అయితే కిందికి జారినప్పుడు ఒకటి తగ్గించాలి కదా?”

“మీటరుకి తగ్గించే మీట ఉందా?”

“లేదు సార్.”

“లేనిదాన్ని నొక్కమంటావేంటయ్యా? పైకి పోయేవి చూడు. కిందికి పోయేవాటి సంగతి మన డిపార్ట్‌మెంట్ కాదు.”

బావ బొటనవేలు చూసుకున్నాడు. అక్కడి నుంచి యార్డు కనిపించదు గాని, యార్డు ఉన్న వైపుకి ఒకసారి తల తిప్పాడు. తర్వాత నొక్కాడు.

ఆఫీసు వేళలు ఎనిమిది గంటలు. గంటకి పదిహేను చొప్పున నూటఇరవై. ఆఫీసు మూసినంత మాత్రాన చేపలు ఆగుతాయా అని డైరెక్టర్‌గారు దాన్ని మూడుతో హెచ్చవేశారు. రోజుకి మూడువందల అరవై. రాత్రివి రెండువందల నలభై బావ పొద్దున్నే ఒకేసారి నొక్కేవాడు. గ్రాఫ్‌లోని గీతని అంకె మెల్లగా వెతుక్కుంటూ వెళ్ళడం మొదలుపెట్టింది.

రెండో వారం ఒక నిపుణుడుగారు కిటికీ ముందు గంటసేపు కూచుని, ఇరవై పేజీల నివేదిక రాశారు. ఈ నదిలో చేపలన్నీ ఒకే పొడుగు, ఒకే బరువు, నూటికి నూరుపాళ్ళూ ఆడవి, నూటికి నూరుపాళ్ళూ తోకకి ఎడమవైపు గాటు కలవి. ఇంత సమానత్వం ఇంతవరకు ఏ జాతిలోనూ సాధ్యం కాలేదు అని ఆయన చివర్లో రాసిన వాక్యాన్ని మంత్రిగారు పార్టీ పోస్టరు మీద వేయించారు. మూడో వారం ఒక సభలో ఆయన మైకు అందుకున్నారు.

“మన చేపలు నాలుగు నిమిషాలకొకటి చొప్పున క్యూలో వస్తున్నాయి! తోపులాట లేదు. సిఫారసు లేదు. ప్రజలు వాటిని చూసి నేర్చుకోవాలి.”

ప్రజలు చప్పట్లు కొట్టారు. కొంచెం తోపులాట కూడా జరిగింది.

ఇరవై అయిదో రోజున అక్క బావకి క్యారేజీ తెచ్చి, మొదటిసారి ఆ గదిలోకి వచ్చింది. చేప దాటింది. బావ నొక్కాడు. అక్క మూత తీయబోతూ ఆగిపోయింది.

“దాని కడుపు చూశావా?”

బావ మీటరు వైపు చూశాడు.

“నిన్నే అడుగుతున్నా! నెలలు నిండినదాన్ని రోజంతా మెట్లెక్కించి దింపుతున్నారా? మీకు అక్కాచెల్లెళ్ళు లేరా?”

“నాకు నువ్వున్నావుగా,” అన్నాన్నేను.

“నువ్వు నోర్ముయ్. ఎన్నాళ్ళుందయ్యా దీనికి?”

“పది రోజులు,” అన్నాడు బావ నెమ్మదిగా. “ఆ లోపల పై నీళ్ళల్లోకి చేరి గుడ్లు పెట్టాలి. లేకపోతే గుడ్లు కడుపులోనే కరిగిపోతాయి. ఒక్కొక్కదాని కడుపులో లక్షల్లో ఉంటాయి. అవి పిల్లలైతే ఆ చేపల లెక్కకి నా బొటనవేలు చాలదు.”

“లెక్క ఎప్పటికి పూర్తవుతుంది?”

“ఇంకో వారానికి.”

“అయితే సరిపోతుంది,” అంది అక్క. పడవా దక్కుతుంది, చేపా దక్కుతుంది. అక్క లెక్కలో తప్పు లేదు. ఆమె లెక్కలోకి మంత్రిగారు రాలేదు, అంతే.

వారం గడిచేసరికి మీటరు మీద తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది. డైరెక్టర్‌గారు పరుగున వచ్చి, బావ చేతిలోంచి మీటరు లాక్కుని, ముఖమల్ గుడ్డ పరచిన పెట్టెలో పెట్టి తాళం వేశారు.

“పదివేలోది మంత్రిగారు స్వయంగా నొక్కుతారు. ఆయన టూర్‌లో ఉన్నారు. వచ్చే సోమవారం ప్రోగ్రాం.”

“అంటే ఆరు రోజులా? అన్నాళ్ళు ఆగదు సార్ అది,” అన్నాడు బావ. “రోజంతా మెట్లెక్కి ఎక్కి డస్సిపోయింది. గట్టిగా మూడు రోజులు. ఆ ఒక్కటీ నేను నొక్కేస్తాను. గేటు తీయించండి సార్, పోతుంది.”

“మంత్రిగారి బొటనవేలు ఉండగా నీ బొటనవేలా? నీ హోదా ఏంటి, దాని హోదా ఏంటి? ఆగమను.”

“ఎవర్ని సార్?”

“చేపల్ని.”

రెండు రోజులు ఆగింది. మూడో రోజు పొద్దున్నే బావ నా గేటు దగ్గరికి వచ్చాడు. కింద చేప మెట్టు మెట్టుకీ ఆగి, రొప్పుతూ ఎక్కుతోంది. ఇదివరకు నాలుగు నిమిషాలు పట్టే చుట్టుకి పదకొండు పడుతోంది.

“తాళంచెవి ఇలా ఇవ్వు,” అన్నాడు.

“ఆర్డరు లేదు బావా.”

“తెలుసు.”

“అది వెళ్ళిపోతే సోమవారం మంత్రిగారికి ఏం చూపిస్తారు? ఒకటి తక్కువయినా అయిదేళ్ళు. పడవ పోతుంది.”

“మీ అక్కకి చెప్పే వచ్చాను.”

“ఏమంది?”

“ఇంకా ఇక్కడే ఉన్నావేంటి, పో, అంది.”

పన్నెండేళ్ళ సర్వీసులో నేను నిబంధన తప్పలేదు. ఆ రోజూ తప్పలేదు. టీ తాగడానికి వెళ్ళాను. జేబు బరువుగా ఉందని తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళాను. ఆ రోజు టీ మరీ వేడిగా ఉంది. చల్లారడానికి పావుగంట పట్టింది. తిరిగొచ్చేసరికి గేటు మూసే ఉంది, తాళంచెవి తడిగా ఉంది, మెట్ల మీద చేప లేదు. పార్కులో ఫౌంటెన్ ఓ పది నిమిషాలు తల వంచుకుని మళ్ళీ లేచిందని తోటమాలి చెప్పాడు.

సోమవారం ఆ చిన్న గదిలో మంత్రిగారు, డైరెక్టర్‌గారు, పదహారుమంది విలేకరులు, ఒక సన్నాయి బృందం పట్టారు. మంత్రిగారు తెల్ల చొక్కాలో, మీటరు పట్టుకుని కిటికీ ముందు నిలబడ్డారు. నాలుగు నిమిషాలు. ఎనిమిది. పన్నెండు. మంత్రిగారు మీటరు చెయ్యి మార్చుకున్నారు.

డైరెక్టర్‌గారు బావ చెవిలో బుసకొట్టారు. “ఏదయ్యా?”

“వెళ్ళిపోయింది సార్.”

“పర్మిషన్ ఎవరిచ్చారు?”

“అడగలేదు సార్ అది.”

“ఏంటా గుసగుస?” అన్నారు మంత్రిగారు తిరక్కుండానే.

బావ నేలచూపులు చూస్తున్నాడు. గుమ్మం దగ్గర అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయిదేళ్ళు. యార్డు, బిందెలు, రిజిస్టరు. సరిగ్గా అప్పుడే ఎవరో కెమెరా లైటు వేశారు. గాజులో తెల్లగా ఏదో కదిలింది.

“అదిగో!” అని కేకపెట్టి మంత్రిగారు నొక్కారు.

టిక్. పదివేలు.

సన్నాయి మోగింది. గాజులో మంత్రిగారి చొక్కా ఇంకా కదులుతూనే ఉంది. ఇంకోటి నొక్కబోతే డైరెక్టర్‌గారు వినయంగా మీటరు తీసుకున్నారు. అక్కడికక్కడే నిషేధం ఎత్తేశారు. సాయంత్రానికి నలభై పడవలు దండలతో బయటికొచ్చాయి.

అక్క పడవని పట్టుకుని ఏడ్చింది. బావ మాత్రం తిన్నగా మిగతా ముప్పైతొమ్మిది మంది దగ్గరికి పోయాడు.

“పైకి వెళ్ళొద్దు. వలలు వేయొద్దు. నదిలో ఉన్నది ఒక్కటే, తోక మీద గాటున్నది.”

అందరూ విరగబడి నవ్వారు. వాళ్ళలో పెద్ద, అందరూ మీసాలాయన అని పిలిచే మనిషి, పేపరు తీసి బావ ముఖమ్మీద ఆడించాడు.

“పదివేలని వేశారు చూడు. లెక్కపెట్టింది ఎవరంట?”

“నేనే.”

“మరి? తొమ్మిదివేల తొంభైతొమ్మిది అబద్ధాలాడావా?”

“తొమ్మిదివేల తొమ్మిది వందల...”

“ఓహో, అబద్ధాలు కూడా లెక్కపెట్టావన్నమాట! ఒక్కడివే ఊడ్చుకుపోదామని చూస్తున్నావేమో. మూడేళ్ళు మా పిల్లలు గంజి తాగారురా!”

వాళ్ళ ఆకలి నిజం, పేపరు నిజం. బావ ఒక్కడే అబద్ధం.

పది రోజుల తర్వాత ఆనకట్టకి ఎగువన, రేవులో, ‘పునఃప్రారంభ వేట’ పెట్టారు. నలభై పడవలూ తప్పనిసరిగా వల వేయాలని ఆర్డరు. ఒడ్డున వేదిక మీద మంత్రిగారు. ముప్పైతొమ్మిది పడవలు మూడేళ్ళ ఎండకి నోళ్ళు తెరిచాయేమో, ఒడ్డు దాటకుండానే నీళ్ళు మింగసాగాయి. ఒక చేత్తో వల, ఒక చేత్తో చెంబు. నీళ్ళు తోడుకుంటూ మీసాలాయన ఆరుసార్లు వల విసిరాడు. ఆరుసార్లూ నాచు. మిగతావాళ్ళకి ఆ నాచు కూడా లేదు.

మంత్రిగారు వాచీ చూసుకున్నారు. డైరెక్టర్‌గారు నది వైపు చూసి పళ్ళు కొరికారు.

కారని పడవ బావదొక్కటే. రాళ్ళ పక్కన, చేప అన్నది ఎన్నడూ తిరగని చోటు చూసుకుని, గుండె గట్టిచేసుకుని వల విసిరాడు. లాగితే బరువు తగిలింది. ఆయన ముఖం పాలిపోవడం ఒడ్డు నుంచి నాకే కనిపించింది. వలలో వెండి పళ్ళెం. తోక మీద గాటు. కడుపు మాత్రం లోపలికి పోయి, ఖాళీ సంచిలా వేలాడుతోంది.

“పడింది!” అని డైరెక్టర్‌గారు గంతేశారు. “సార్, పడింది!”

మంత్రిగారు చప్పున ఆలోచించారు. అందుకే ఆయన మంత్రి.

“ఒక్కడి ఫొటో పడితే మిగతావాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. నలభై మందికీ ఫొటోలు తీయండి. చేపని ఆ తొట్టెలో వేసి అటు అందించండి.”

నీళ్ళు నింపిన ప్లాస్టిక్ తొట్టెలో చేప పడవ నుంచి పడవకి బయల్దేరింది. మొదటివాడు దాన్ని రెండు చేతులతో ఎత్తి పళ్ళికిలించాడు. ఫ్లాష్. రెండోవాడు ఎత్తాడు, తోక చూశాడు, నవ్వడం మర్చిపోయాడు. ఫ్లాష్. పదోవాడి దగ్గరికి వచ్చేసరికి పడవల్లో మాటలు ఆగిపోయాయి. ఇరవయ్యోవాడు చేపని నీళ్ళలో కాసేపు ఊపిరి పీల్చుకోనిచ్చి గాని పైకెత్తలేదు. ముప్పయ్యోవాడు తొట్టెలో నీళ్ళు మార్చాడు. ప్రతివాడూ తన వంతు కాగానే బావ వైపొక చూపు చూసి తల దించుకున్నాడు.

చివరిది మీసాలాయన పడవ. ఆయన చేపని ఎత్తి పట్టుకుని తోకని చూశాడు. ఖాళీ కడుపు మీద వేలితో నిమిరాడు. మూడేళ్ళ గంజి ఆ మనిషి దవడల్లో ఇంకా కనిపిస్తూనే ఉంది.

“కొంచెం పైకి పట్టుకో!” అని ఫొటోగ్రాఫరు అరిచాడు.

మీసాలాయన పైకి పట్టుకున్నాడు. ఫ్లాష్ వెలిగింది. ముప్పై ఏళ్ళుగా చేపలు పట్టిన చేతులు ఆ వెలుగుకి బెదిరాయో ఏమో, పట్టు జారింది. నీళ్ళలో ఒక్క గాటు మెరిసి మాయమైంది.

“ఎంత పని చేశావయ్యా!” అని డైరెక్టర్‌గారు నెత్తి కొట్టుకున్నారు.

“తడిచెయ్యి సార్,” అన్నాడు మీసాలాయన.

మంత్రిగారు వేదిక దిగివచ్చి, పెద్దమనసుతో చెయ్యెత్తి డైరెక్టర్‌గారిని వారించారు.

“పోనీలేవయ్యా. ఇంకా తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఉన్నాయిగా.”

“ఉన్నాయండీ,” అన్నారు నలభై మందీ.